మైకుసెట్టు రోజుల్లో బేస్ గిటారు

ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు, అంటే పాటకు అడుగున మంద్ర స్వరాలు పలికే నాలుగు తీగల గిటారు, వాయించే మనిషిని చూడాలంటే డ్రమ్స్ పక్కన, కాస్త వెనకగా, సీరియల్ లైట్ల వెలుతురు సరిగా పడని చోట వెతకాలి. గాయనీగాయకులను జనం పేరుపెట్టి పిలుస్తారు, కీబోర్డు మాస్టారిని గౌరవంగా పలకరిస్తారు, ప్యాడ్స్ వాయించే కుర్రవాడి చుట్టూ పిల్లలు మూగుతారు, బేస్ వాయించేవాడిని మాత్రం "మీరు ఆ రెండో గిటారు కదండీ?" అని అడుగుతారు. 1980ల చివరి నుంచి 90ల చివరి దాకా విజయవాడలోని ఒక సినీ సంగీత బృందంలో నేనే ఆ రెండో గిటారును. శ్రీరామనవమి పందిళ్లు, వినాయక చవితి రాత్రులు, దసరా, ఊళ్ల తిరునాళ్లు, మాఘమాసం మొదలుకొని పెళ్లి రిసెప్షన్లు, ఇలా కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఎక్కడ పిలిస్తే అక్కడికి వ్యానులో వెళ్లేవాళ్లం. ఇక్కడ పాటల కంటే ఆ వాయిద్యం గురించే ఎక్కువగా రాస్తున్నాను. ఎందుకంటే నా పనిలో వాయించడం ఒక పాలయితే, దానిని వాయించదగిన స్థితిలో ఉంచడం మూడు పాళ్లు.

నా బేస్ కలకత్తాలో తయారైనది. బృందంలో నాకంటే ముందు వాయించిన అన్నయ్య బ్యాంకు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతూ దానిని నాకు అమ్మాడు. వెనక రంగు పెచ్చులూడి, బెల్టు బకిలు రాసుకున్న గీతలతో ఉండేది. తీగ పొడవు 34 అంగుళాలు. అమెరికాలో లియో ఫెండర్ 1951లో అమ్మకానికి తెచ్చిన బేస్‌కు పెట్టిన కొలత అది. ఇవాళ్టికీ ఎక్కువ బేస్‌లు దానినే పాటిస్తున్నాయి. అంత పొడవున్న నాలుగు లావుపాటి తీగలను ఇ, ఏ, డి, జి స్వరాలకు బిగించినప్పుడు అవి మెడను లాగే బలం మొత్తం 70 కిలోలకు పైగా ఉంటుంది. ఒక నిండు బియ్యం బస్తా ఆ సన్నటి కర్రకు రాత్రింబవళ్లు వేలాడుతున్నట్టే లెక్క. ఆ లాగుడుకు ఎదురు నిలిచేది మెడ లోపల దాగి ఉండే ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ. మెడ ఎంత వంగాలో, ఎంత నిటారుగా ఉండాలో నిర్ణయించేది అదే.

అన్నయ్య బేస్ అమ్మడంతో ఊరుకోలేదు, దాని సేవ కూడా నేర్పి వెళ్లాడు. మెడ మీద అడ్డంగా దిగగొట్టిన సన్నటి లోహపు మెట్లను ఫ్రెట్లు అంటారు. ఎడమచేతి వేలితో ఇ తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, కుడిచేతి వేలితో చివరి ఫ్రెట్ దగ్గర అదిమి పట్టాలి. అప్పుడు తీగే స్కేలు కర్ర అవుతుంది. ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎంత సందు ఉందో చూడాలి. అది 0.3 మి.మీ. దరిదాపుల్లో ఉండాలి. అంత సన్నటి కొలతకు మా దగ్గర పరికరం ఎక్కడిది? ఒక రిసెప్షన్‌లో క్యాటరింగ్ ఆయన ఇచ్చిన విజిటింగ్ కార్డు ఉండేది. అది రాసుకుంటూ దూరితే మెడ సరిగా ఉన్నట్టు, ఏమీ తగలకుండా దూరితే వంగినట్టు, అసలు దూరకపోతే మెడ వెనక్కి విరుచుకున్నట్టు. రెండు చేతులూ తీగ మీదే ఉంటాయి కనుక కార్డు దూర్చడానికి మూడో చేయి కావాలి. ఆ పని చాలాకాలం మా చెల్లెలు చేసింది. కార్డు లెక్క తేలాక అలెన్ కీతో రాడ్ నట్టును పావు చుట్టు మాత్రమే తిప్పాలి. "పావు చుట్టు తిప్పు, ఒక పూట ఆగు, మళ్లీ చూడు. కర్రకు మనంత తొందర ఉండదురా తమ్ముడూ" అనేవాడు అన్నయ్య.

తీగల ఎత్తు విషయంలో మాత్రం నేను ఆయన మాట వినలేదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇ తీగ కింద 2 మి.మీ. ఎత్తు ఉంటే వేళ్లకు హాయిగా ఉంటుంది, గదిలో కూర్చుని వాయించుకునేవారికి అది చాలు. తిరునాళ్లలో వేదికెక్కితే సంగతి వేరు. ముందు వరుసలో ఈలలు మొదలయ్యాక ఎంతటి నిదానస్తుడైనా తీగను రెట్టింపు బలంతో లాగుతాడు. ఎత్తు తక్కువగా ఉన్న తీగ అప్పుడు ఫ్రెట్లకు కొట్టుకుని గరగరలాడుతుంది. అందుకే నేను ఇ తీగకు దాదాపు 3 మి.మీ. ఎత్తు ఉంచుకునేవాడిని. వేళ్ల చివర్లు కాయలు కాస్తాయి, కాయనివ్వండి.

మా ప్రాంతపు వాతావరణం ఈ సర్దుబాట్లన్నిటినీ ఏటా రెండుసార్లు చెడగొట్టేది. వానలు మొదలై గాలిలో తేమ పెరిగితే మెడ కాస్త ముందుకు వంగి తీగలు పైకి లేచేవి. ఫాల్గుణం దాటి బెజవాడ ఎండలు ముదిరాక అదే మెడ బిగుసుకుని, వానాకాలంలో శుభ్రంగా పలికిన ఫ్రెట్లే జరజరమనేవి. కనుక వినాయక చవితికి ముందొకసారి, శ్రీరామనవమికి ముందొకసారి విజిటింగ్ కార్డు బయటికి రావలసిందే. మచిలీపట్నం వైపు ప్రోగ్రాములుంటే ఉప్పుగాలి కూడా తోడయ్యేది. రాత్రి వాయించి తుడవకుండా పెట్టెలో పెట్టిన తీగలు మర్నాటికి వేళ్లకు గరుకుగా తగిలేవి.

తుడవడం అంటే పైపైన కాదు. ప్రోగ్రాం అయిపోగానే, చెమట ఆరకముందే, పాత పంచె ముక్కను తీగ చుట్టూ మడిచి, రెండు వేళ్లతో పట్టుకుని మెడ పొడవునా ఒక్కొక్క తీగనూ కింది వైపు నుంచి కూడా లాగాలి. మురికి పట్టేది పై వైపు కాదు, ఫ్రెట్లకు ఆనుకునే కింది వైపు. అందరూ భోజనాలకు లేస్తుంటే నేను ఆ పంచె ముక్కతో కూర్చుని ఉండేవాడిని. "ఏమయ్యా, గుర్రానికి మాలిష్ చేస్తున్నావా?" అని మా తబలా మాస్టారు ఏ ఊళ్లోనూ ఈ మాట అనకుండా వదల్లేదు.

ఎంత తుడిచినా తీగలు కొన్ని నెలలకు మొద్దుబారుతాయి. చుట్టిన సన్న తీగ వరుసల మధ్య చెమట, చర్మపు పొట్టు ఇరుక్కుని కంపనాన్ని నొక్కేస్తాయి. గిటారు తీగలయితే ఊళ్లోనే దొరికేవి, బేస్ తీగలు దొరికేవి కావు. మద్రాసు వెళ్లే పని ఎవరికి పడినా మౌంట్ రోడ్డులో, 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్ దుకాణం నుంచి ఒక సెట్టు తెమ్మని డబ్బులిచ్చి పంపేవాడిని. ఆ సెట్టు ఖరీదు నాకు కొన్ని ప్రోగ్రాముల మీద వచ్చే డబ్బుతో సమానం, కాబట్టి పాతవాటిని బతికించుకోవడమే దారి. తీగలు విప్పి, చుట్టలుగా చుట్టి, మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉడకబెడితే జిడ్డు వదిలి నీళ్లు బూడిద రంగుకు తిరిగేవి. తీసి వెంటనే తుడిచి, తుప్పు పట్టకుండా ఎండలో ఆరబెట్టాలి. ఆ తర్వాత రెండు మూడు ప్రోగ్రాముల పాటు కొత్త తీగల గలగల తిరిగి వచ్చేది. "ముద్దపప్పు వండే గిన్నెలో ఇనుప తీగలేమిటిరా, నీ సంగీతం మండ!" అని అమ్మ కేకలేసి, చివరికి ఒక సొట్టల అల్యూమినియం గిన్నెను బేస్ పేరిట రాసిచ్చేసింది.

ఈ సేవలన్నీ ఇంట్లో చేసుకోగలిగినవి. నట్టు మార్చడం మాత్రం నా చేతిలో పని కాదు. ఇది రాడ్ నట్టు కాదు, మెడ పైచివర తీగలు కూర్చునే ప్లాస్టిక్ ముక్క. దానిలో గాళ్లు అరిగి, ఖాళీ తీగ మీటినప్పుడల్లా మొదటి ఫ్రెట్‌కు తగులుతోంది. బెజవాడలో గిటారు బాగుచేసేవారెవరో నాకు తెలియదు. ఎవరో చెబితే బేస్‌ను భుజాన వేసుకుని నూజివీడు బస్సెక్కాను. అక్కడ తరతరాలుగా పనస కర్రతో వీణలు చేసే కుటుంబాలున్నాయి. నేను వెళ్లిన ఇంటి పెద్దాయన నా వాయిద్యాన్ని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫ్రెట్ల మీద గోరు నడిపించి, "మెట్లు కర్రలో దిగగొట్టేశారే! మరి మేళం తప్పితే ఏం చేస్తావు బాబూ?" అన్నారు.

ఆయన ప్రశ్న వెనక ఎంత లోకం ఉందో వీణ తెలిసినవారికి అర్థమవుతుంది. వీణ మీద 24 మెట్లు తేనెమైనంలో నల్లపొడి కలిపి పోసిన దిమ్మె మీద కూర్చుంటాయి. కాలక్రమాన మైనం జారి స్థానాలు తప్పితే, దానిని వేడి చేసి, చెవితో వింటూ ఒక్కొక్క మెట్టునూ జరిపి మళ్లీ మేళం కడతారు. బేస్‌లో ఫ్రెట్లు కదలవు, కదిలేది తీగ అవతలి కొస. పన్నెండో ఫ్రెట్ మీద వేలు తేలిగ్గా ఆనించి మీటితే వచ్చే గంట లాంటి నాదమూ, అదే ఫ్రెట్ దగ్గర తీగను అదిమి మీటితే వచ్చే స్వరమూ ఒకటే కావాలి. అదిమిన స్వరం హెచ్చుగా ఉంటే తీగల కింది కొసలు బిగించే బ్రిడ్జి మీద, ఆ తీగ ఆనే చిన్న ముక్క అయిన శాడిల్‌ను మెడకు దూరంగా జరిపి తీగ పొడవు పెంచాలి, తగ్గుగా ఉంటే దగ్గరికి తేవాలి. నేను స్క్రూడ్రైవర్‌తో ఆ పని చేసి చూపిస్తే ఆయన రెండు స్వరాలనూ కళ్లు మూసుకుని విని, "ఇంకా వెంట్రుకవాసి హెచ్చుంది" అన్నారు. నాకు వినిపించని తేడా అది. ఆయన చెప్పినంత మేరకు జరిపాక, మెడ పైభాగంలో ఎప్పుడూ కీబోర్డుతో కాస్త గొడవపడే స్వరాలు మెత్తగా కలిసిపోయాయి. గేదె కొమ్ము ముక్కను ఆకురాయితో అరగదీసి, నాలుగు గాళ్లు కోసి ఆయన కూర్చిన నట్టు ఆ బేస్‌కు ఇప్పటికీ ఉంది.

ఇంత శ్రద్ధగా తయారుచేసిన నాదం జనానికి ఎలా చేరేదన్నది వేరే కథ. పల్లెటూళ్లలో మైకుసెట్టు అంటే ఒక యాంప్లిఫయరు, కొబ్బరిచెట్లకు కట్టిన హారన్ బాకాలు. బేస్ ఇ తీగ సెకనుకు 41 సార్లు, అంటే 41 హెర్ట్జ్ వేగంతో, కంపిస్తుంది. బాకాలు మనిషి మాట ఊరవతలికి వినిపించడానికి పుట్టినవి, వాటిలో సుమారు 300 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న ధ్వని దాదాపు రాదు. అంటే నేను వాయించే స్వరాలలో చాలావాటి అసలు నాదం బాకా మెడ దాటేది కాదు. అయినా బేస్ బొత్తిగా వినిపించకుండా పోయేది కాదు. తీగ ఏదైనా సరే, మోగినప్పుడు అసలు కంపనంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా పై కంపనాలు కూడా సన్నగా మోగుతాయి. బాకాలోంచి ఆ పైవి మాత్రమే వచ్చినా, వాటి మధ్య ఎడాన్ని బట్టి మన చెవి లేని అడుగు స్వరాన్ని తానే పూరించుకుంటుంది.

ఆ సంగతి సిద్ధాంతంగా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అనుభవం మాత్రం ముందే పాఠం చెప్పింది. బాకాలున్న ఊళ్లో ఇ తీగ మీద కింది స్వరాలు వాయించినా జనానికి చేరేవి కావు. అదే బాణీని ఏ, డి తీగల మీద పైకి తీసుకుని, వేలికి బదులు ప్లాస్టిక్ మీటుతో, బ్రిడ్జికి దగ్గరగా కొడితే నాదంలో పై కంపనాలు ఎక్కువై టక్కుమని వినిపించేది. బ్రిడ్జి దగ్గర తీగ గట్టిగా ఉంటుంది కనుక చేయి త్వరగా నొప్పెట్టేది. టోన్ బటన్ పూర్తిగా తెరిచి ఉంచేవాడిని. పట్నంలో, తుమ్మలపల్లి కళాక్షేత్రం వంటి చోట, 15 అంగుళాల స్పీకర్లున్న పెట్టెలు పెట్టినప్పుడు ఇదే పద్ధతి చెవులకు రేకు డబ్బా మోతలా ఉండేది. కాబట్టి వ్యాను దిగగానే నేను మొదట చూసేది వేదికను కాదు, చెట్ల మీద ఏం కట్టారో.

ఆ తర్వాత చూసేది కరెంటు. మైకుసెట్టు ఆయన ఒక స్తంభం నుంచి, మా యాంప్లిఫయరుకు ఇంకో ఇంటి నుంచి తీగ లాగితే, రెండింటి ఎర్తుల మధ్య ఓల్టేజి తేడా ఉండేది. చాలా ప్లగ్గులకు మూడో పుల్ల విరిగిపోయి ఉండేది, కొందరు కావాలనే విరిచేసేవారు. బేస్ తీగలు బ్రిడ్జి ద్వారా యాంప్లిఫయరు ఎర్తుకు కలిసి ఉంటాయి కనుక, వాటి మీద చేతులుంచి కోరస్ పాడటానికి మైకుకు పెదవి తగిలిస్తే చురుక్కుమని కొట్టేది. ఆ చురుకు ఒక్కసారి తిన్నవాడు జేబులో టెస్టర్ లేకుండా వేదికెక్కడు. బ్రిడ్జికి ఆనించినప్పుడు టెస్టర్ ఎర్రగా వెలిగితే ప్లగ్గు తిప్పి పెట్టించాలి, అప్పటికీ వెలిగితే రెండు సెట్లకూ ఒకే బోర్డు నుంచి, సరైన ఎర్తుతో కరెంటు ఇమ్మని పట్టుబట్టాలి. "ఏం కాదండీ, అందరూ వాయించారు" అనే జవాబు ప్రతి ఊళ్లోనూ వచ్చేది. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడలేదు. ఎర్తు సరయ్యేదాకా వాయించడానికి ఒప్పుకునేవాడిని కాదు.

కరెంటుకు ఇంకో ముచ్చట ఉంది. తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే పికప్ నా బేస్‌లో ఒంటి చుట్టది, దానిలో మెయిన్స్ గుంయ్‌మనే మోత ఎప్పుడూ సన్నగా వినపడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఇ తీగ మూడో ఫ్రెట్ మీది జి స్వరం 49 హెర్ట్జ్. అంటే ఆ మోత జి స్వరానికి రవ్వంత పైన ఉండాలి. ఆ రోజుల్లో దక్షిణాది గ్రిడ్ మీద భారం ఎక్కువై, సాయంత్రం వేళల్లో ఫ్రీక్వెన్సీ 49కి కూడా దిగువకు జారడం మామూలు. అందుకని ఒక్కోరోజు మోత జి కంటే హెచ్చుగా, ఒక్కోరోజు తగ్గుగా, కరెంటు పోయి జనరేటరు ఎత్తుకున్నాక ఇంకో రకంగా ఉండేది. జి శ్రుతిలో పాట పడినప్పుడు స్వరం చివరను ఆగిపోనిస్తే, తీగా మోతా ఒకదానినొకటి ఒరుసుకుని ఊగుతున్నట్టు వినిపించేది. ప్రేక్షకులకు తెలిసేది కాదు గాని, యాంప్లిఫయరు పక్కనే నిలబడిన నాకు ఆ పాటలంటే చిరాకు. వాటిలో స్వరాన్ని పొడవుగా వదలకుండా అరచేత్తో నొక్కేసేవాడిని.

శ్రుతి చేసుకోవడానికి ఎలక్ట్రానిక్ ట్యూనర్ మా బృందానికి ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు కీబోర్డు మాస్టారు ఒక ఏ స్వరం నొక్కి పట్టుకుంటే దానికి కలుపుకోవడమే. పక్కన మైకు టెస్టింగులు, టపాసులు, లౌడ్‌స్పీకర్లో భక్తిపాటలు జోరుగా ఉన్నప్పుడు ఆ స్వరం వినిపించినా నా తీగ నాకే వినిపించేది కాదు. అప్పుడు బేస్‌ను పైకెత్తి, దాని పైకొమ్మును చెవి కింద దవడ ఎముకకు గట్టిగా ఆనించి మీటితే, బయటి హోరుతో సంబంధం లేకుండా నాదం ఎముకలోంచి నేరుగా లోపలికి వచ్చేది. ఇ తీగ మీద ఐదో ఫ్రెట్ దగ్గర, ఏ తీగ మీద ఏడో ఫ్రెట్ దగ్గర వేలు తేలిగ్గా ఆనించి రెండింటినీ మోగిస్తే ఒకే స్వరం రావాలి. తేడా ఉంటే దవడలో అల అలగా కొట్టుకుంటుంది, కీ తిప్పుతున్నకొద్దీ అలలు నెమ్మదించి, శ్రుతి కలిసిన క్షణాన ఆగిపోతాయి. గిటారును చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకున్న నన్ను చూసి ఒక ఊళ్లో పెద్దావిడ, "పంటి నొప్పా నాయనా, లవంగం ఇమ్మంటావా?" అని అడిగింది.

బాణీలు నేర్చుకున్నది టూ ఇన్ వన్ దగ్గర. ఇళయరాజా గారి పాటలలో శశిధరన్ గారు, కొన్నేళ్ల తర్వాత రెహమాన్ పాటలలో కీత్ పీటర్స్ గారు వాయించిన బేస్ బాణీలు పాటకు పునాది మాత్రమే కావు, పాట వెనక నడిచే రెండో పాట. వాటిని వదిలేసి కేవలం శ్రుతి స్వరాన్ని టుంగు టుంగుమనిపిస్తే గాయకుడికి కూడా ఏదో వెలితి తోచేది. క్యాసెట్ వేగం టేప్‌రికార్డరును బట్టి మారేది కనుక పాట అరస్వరం అటో ఇటో ఉండేది. ముందు నా తీగలను క్యాసెట్‌కు కలుపుకుని, బాణీ దొరికాక మళ్లీ అసలు శ్రుతికి తెచ్చుకునేవాడిని. చిన్న స్పీకరులో బేస్ సరిగా వినిపించదు కాబట్టి హెడ్‌ఫోన్ తప్పనిసరి. ఒక పల్లవికి ఒక సాయంత్రం పట్టేది.

90ల చివరికి వచ్చేసరికి కీబోర్డులలో బేస్ కూడా వచ్చేసింది. మాస్టారు ఎడమచేత్తో ఒక కార్డ్, అంటే కలిపి మోగే స్వరాల గుంపు, నొక్కితే చాలు, యంత్రమే బేస్, డ్రమ్స్ వాయించేసేది. ఒక మనిషి భత్యం, వ్యానులో ఒక సీటు మిగులుతున్నప్పుడు బృందం నడిపే మాస్టారిని తప్పుపట్టలేను. ఆ యంత్రం బేస్ కాలం తప్పదు, శ్రుతి జారదు, తేమకు వంగదు. అయితే గాయకుడు పల్లవి చివర ఒక సంగతి ఎక్కువ వేసినప్పుడు అతనితో పాటు ఆగడం దానికి రాదు. నన్ను తీసేసిన కొత్తలో మా గాయకుడు ఫోన్ చేసి ఈ మాటే చెప్పాడు.

బేస్ వాయించే మావంటి వారిలో చాలామంది చర్చిల వైపు వెళ్లారు. కోస్తా జిల్లాల చర్చిలలో ఆరాధన పాటలకు మనుషులు వాయించే బ్యాండు నిలిచి ఉంది, ఇప్పటికీ కుర్రవాళ్లు అక్కడే బేస్ నేర్చుకుంటున్నారు. ఒక మిత్రుడు పిలిస్తే నేనూ కొన్నేళ్లు ఆదివారాలు వెళ్లాను. అక్కడ కాంక్రీటు హాలు, 18 అంగుళాల సబ్ స్పీకర్లు, శుభ్రమైన ఎర్తు ఉన్నాయి. ఇ తీగ మీటితే ఆ 41 కంపనాలూ అరికాళ్లకు తగిలాయి. అయితే ఆ హాలులో కింది స్వరం ఒకటి మోగితే అది చల్లారకముందే రెండోది వచ్చి పడి అంతా గుబగుబలాడేది. ప్లాస్టిక్ మీటు పక్కన పెట్టి బొటనవేలితో మెత్తగా వాయించడం, తీగల కింద బ్రిడ్జి దగ్గర స్పాంజి ముక్క దూర్చి నాదాన్ని పొట్టిగా చేయడం, మూడు స్వరాలు వేసే చోట ఒకటి వేయడం అలవాటు చేసుకోవలసి వచ్చింది. అక్కడ నాతో డ్రమ్స్ వాయించిన అబ్బాయికి ఇది నచ్చేది కాదు, "అంకుల్, కాస్త జోరుగా కొట్టండి" అని ప్రతి ఆదివారం అడిగేవాడు.